తుమ్ము

ఎనుమాముల యార్డుల ఫిబ్రవరి అంటే
గాలి కూడా ఎర్రగనే ఉంటది.
తేజ రకం బస్తా మూతి ఇప్పితే
హమాలీ సారంగం కండ్లు ముందే ఏడుస్తయి,
బాధ తర్వాతి సంగతి.

కాంటా పక్కన పండుకునే కుక్కకు
దడ్వాయి అని పేరు పెట్టిందెవరో యాదికి లేదు.
బస్తా పడంగనే తల ఎత్తేది,
ముల్లు నిలవంగనే తల దించేది.
మా సేటు అనేటోడు:
"యార్డు మొత్తంల తూకం తప్పనిది ఇదొక్కటే."

ఒకనాడు పొద్దున
సిమెంటు గచ్చు మీద
మిర్చి కానిదేదో ఎర్రగ.
దాని ముక్కు ఎడమ పక్కకెళ్లి
చుక్క, ఆగి, మళ్లొక చుక్క.

నేనే అన్న:
"ఘాటు. ఘాటుకు ముక్కు పగిలింది."
ఆడ్తి గుమాస్తాను, ఇరవై రెండేండ్ల సర్వీసు,
ఏ కాయల ఎంత తేమో పిడికిట్ల పట్టి చెప్తా.
నా మాట ఎవరు కాదంటరు?

ఓదెమ్మ కాదన్నది.
రాలిన కాయ ఊడ్చే మనిషి.
చీపురు పక్కనపెట్టి
కుక్క చెవి తిప్పి చూసింది.
లోపల ఆముదం గింజల లెక్క
పిడుదులు,
తాగి తాగి నడువ చాతగానివి.
పర్కాల దిక్కు రైతొకాయన వంగి చూసి,
మా దుకాణం బోర్డు దిక్కు చూసి,
నవ్విండు.
నేను చిట్టా పుస్తకం మూసిన.

గోనె తట్టు మీద పండవెట్టి
ట్రాలీ ఆటోల పశువుల దవాఖానకు.
డాక్టర్ మెహజబీన్ అడిగిన మొదటి మాట:
"తుమ్మిందా?"
లేదు.
"ఘాటైతే తుమ్మాలె కదా, పెద్దమనిషీ."

చెవి అంచున సూది మొన.
బొట్టు నెత్తురు అద్దం ముక్క మీద పరిచి
ఊదా రంగు పోసి
చానసేపు ఏం మాట్లాడలే ఆ పిల్ల.
తర్వాత అన్నది:
"తెల్లకణం కడుపుల మల్బరీ పండు లెక్క గుత్తి.
పిడుదు నోట్లకెళ్లి దిగింది.
నెత్తురును ఆపేటి కణాలు
పదో వంతు మిగల్లే."
ఓదెమ్మ ఒక కన్ను మూసి మైక్రోస్కోపుల చూసింది.
"సీతాఫలం, బిడ్డా.
లోపల సీతాఫలం కాసింది."

ఇరవై ఎనిమిది దినాలు, దినానికో గోళీ.
నడుమ ఆపితే
పోయినట్టే పోయి
ఎముకల మూలుగుల దాసుకుంటదట.
ఓదెమ్మకు అంకెలు రావు.
కార్జం ముక్కల గోళీ దోపి మింగిచ్చి
గోడకు బొగ్గుతోని ఒక గీత.
కార్జం పైసలు ఏ ఖాతాల రాయాల్నో తెల్వక
"కాంటా మరమ్మతు" అని రాసిన.

అయిదో గీత నాడు అది లేవలే.
ఆరో గీత గీసేటప్పుడు ఓదెమ్మ చెయ్యి వంకర పోయింది,
ఇప్పటికీ గోడ మీద చూడొచ్చు.
ఏడో నాడు నీళ్లు తాగింది.

"కుక్క మీద ఏరేస్తె సగం పనే,
ఆడది గోడ ఎక్కి నెర్రెలల్ల వేల గుడ్లు పెడ్తది,
కిరసనాయిలు మాత్రం రుద్దకుర్రి, తోలు కాలుతది"
అన్నది డాక్టరమ్మ.
లెక్కలు కట్టినంక
టార్చిలైటు పట్టుకొని, మందు డబ్బా పట్టుకొని
గోడ ఎంబడి తిరిగిన.
ఇరవై రెండేండ్లు ఒరిగి కూసున్న గోడ.
ఇన్ని నెర్రెలా!

ఇరవై మూడో గీత నాడు
చపాట రాశి మీద జెండా పాట.
రేటు ఎక్కుతున్నది, ఖరీదుదారు చెయ్యి లేపిండు,
గప్పుడే
ఎవరో తుమ్మిన్రు.
పాట ఆగింది. లేసిన చెయ్యి గాలిలనే ఆగింది.
అపశకునం, రెండు నిమిషాలు కూసోవాలె.
"ఎవడ్రా తుమ్మింది?"
కాంటా పక్కకెళ్లి ఇంకో తుమ్ము.
దడ్వాయి ముక్కు నాక్కున్నది.
గచ్చు మీద తడి, ఒట్టి తడి.

"ఘాటు" అన్న నేను.
ఈసారి ఎవరూ కాదనలే.
ఓదెమ్మ మాత్రం
చీపురు పక్కనపెట్టి వచ్చి
చెవి తిప్పి చూసింది.